జెల్‌కోటు రంగు కాదు

ఫైబర్ పడవ మీద గీత పడినా, తెల్లటి పొడి రాలుతున్నా, ‘పైపైదేగా, ఒక పూత రంగేస్తే సరి’ అనడం మామూలు. మన తీరంలో చాలాచోట్ల చెక్క తెప్పల స్థానంలోకి ఫైబర్ పడవలు వచ్చాయి గానీ, చెక్కకు అలవాటైన ఆ ఆలోచన మారలేదు. చెక్క పడవకు రంగు చివర వేస్తారు. ఫైబర్ పడవకు పై పొరే మొదట పుడుతుంది. అచ్చుకు మైనం పట్టించి, రంగు కలిపిన పాలియెస్టర్ రెసిన్‌ను సుమారు అర మిల్లీమీటరు మందాన పూసి, దాని వెనక ఫైబర్ మ్యాట్, రెసిన్ పొరలు పరుస్తారు. ఆ మొదటి పొరే జెల్‌కోటు. అది పడవ ఒంటితో ఏకమై గట్టిపడిన భాగం. దాన్ని రంగుగా చూడటం వల్లే మరమ్మతులు ఎక్కువగా చెడుతున్నాయి.

పొడి రాలితే జెల్‌కోటు చచ్చిపోయిందనుకుంటారు. నిజానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పాడయ్యేది పైన ఉన్న పలుచని పొరే. రబ్బింగ్ కంపౌండ్‌తో రుద్ది మైనం పట్టిస్తే అడుగున ఉన్న మెరుపు బయటికొస్తుంది. ఉన్నది అర మిల్లీమీటరే కాబట్టి ఏటా గట్టిగా అరగదీయకూడదు. ఆ పొడి మీదే రంగు వేస్తే పొడితో పాటే ఊడిపోతుంది.

పగుళ్ల సంగతి ఇంకా ముఖ్యం. జెల్‌కోటులో నార ఉండదు, పెళుసుగా ఉంటుంది. కింది పొరలు వంగితే అది పగులుతుంది. ఒక చుక్క నుంచి నక్షత్రంలా చీలిన గీతలు దెబ్బను సూచిస్తాయి. మూలల్లో, తాడు కట్టే కొక్కెం చుట్టూ వరసగా పడ్డవి అక్కడ ఒంపు, ఒత్తిడి ఎక్కువని చెబుతాయి. ఒక తీరూ తెన్నూ లేని వలలాంటి పగుళ్లకు పూత మరీ మందంగా పడటం తరచుగా కారణం. కారణం సరిచేయకుండా పైన పూస్తే గీత మళ్లీ తేలుతుంది. పైగా వెంట్రుకంత సందులోకి చిక్కటి జెల్‌కోటు దిగదు. గీత పొడవునా ఏటవాలుగా చెక్కి వెడల్పు చేశాకే నింపాలి. గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది కాబట్టి కాస్త ఎత్తుగా నింపి, వాటర్ పేపర్‌తో చదును చేయాలి. అలాగైతే ప్రతి గీతా పడవ బలహీనతేనా? కాదు. చాలా గీతలు జెల్‌కోటు దాటవు. నాణెంతో తట్టినప్పుడు చుట్టుపక్కలంతా ఖంగున మోగి ఒక్కచోట మొద్దుగా వినిపిస్తే, లేదా చెక్కినప్పుడు కింద నార తెల్లబారి కనిపిస్తేనే లోపలి పొరలను అనుమానించాలి.

హార్డనర్ ఎక్కువైతే పూత గట్టిగా వస్తుందన్నది మరో నమ్మకం. బరువులో సాధారణంగా 1 నుంచి 2 శాతం చాలు. మోతాదు మించితే పూత పెళుసై, రంగు మారుతుంది. పైన జిగురుగా మిగలడం చూసి హార్డనర్ చాలలేదనుకుంటారు. గాలిలోని ఆక్సిజన్ పై పొరను గట్టిపడనివ్వదు, చాలాసార్లు కారణం అదే. పూత మీద గాలి తగలకుండా ప్లాస్టిక్ పొర కప్పినా, మైనం ద్రావణం కలిపిన జెల్‌కోటు వాడినా ఆ జిగురు ఉండదు. ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి: హార్డనర్‌నూ, రెసిన్ త్వరగా గట్టిపడేందుకు వాడే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ నేరుగా కలపకూడదు, పేలుతుంది. కోబాల్ట్ రెసిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డనర్ పోయాలి.

గీతలు నింపడానికి ఎపాక్సీ రెసిన్ బలమైనదే, పాలియెస్టర్ మీద బాగా అతుక్కుంటుంది కూడా. దాని మీద మళ్లీ జెల్‌కోటు పూస్తే మాత్రం పట్టు నమ్మకంగా ఉండదు. ఎపాక్సీతో నింపిన చోట పైన రంగే వేయాలి. కార్లకు వాడే మామూలు పుట్టీ నీరు పీలుస్తుంది, నీటిమట్టానికి కింద పనికిరాదు.

వేటకెళ్లే పడవకు అందమెందుకని అడిగేవారి మాటలో న్యాయముంది. నీటిమట్టానికి పైన శుభ్రంగా రుద్దిన ఒంటి మీద పాలియురేథేన్ రంగు మంచి ఎంపికే, అక్కడ రంగు సరిపోల్చే శ్రమ అక్కర్లేదు. ఇసుక మీద ఈడ్చే అడుగుభాగం సంగతి వేరు. అక్కడ జెల్‌కోటు అరిగి నార బయటపడితే నీరు ఆ నార వెంట లోపలికి పాకుతుంది. తడి మీద పూస్తే ఆ నీరు లోపలే చిక్కుకుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం ఇందుకు అనువైన కాలం. ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి, రోజుల తరబడి నీడలో ఆరబెట్టాలి. పూత పనిని తెల్లవారుజామున పెట్టుకోవాలి. మే ఎండలో కలిపిన రెసిన్ డబ్బాలోనే బిగుసుకుపోతుంది.