కంపైలర్‌ను కంపైల్ చేసేదెవరు?

పాలు పెరుగవ్వాలంటే కాస్త పెరుగుతో తోడు పెట్టాలి. మరి మొట్టమొదటి తోడు ఎక్కడిది? కంపైలర్ దగ్గరా ఇదే చిక్కు. మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది కంపైలర్. అదీ ప్రోగ్రామే కదా, దాన్ని మార్చేదెవరు? తొలినాళ్లలో మనుషులే యంత్రానికి అర్థమయ్యేలా చేత్తో రాశారు. ఆ తర్వాత పాతది కొత్తదాన్ని పుట్టిస్తూ వచ్చింది.

గో భాష సంగతి చూడండి. మొదట్లో దాని కంపైలర్‌ను సి భాషలో రాశారు. 2015లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి గోలోనే రాస్తున్నారు. అంటే, 1.5ను సోర్సు నుంచి తయారు చేసుకోవాలంటే 1.4 ముందే ఉండాలి. 1.20కి ఆ 1.4 చాలదు, 1.17 కావాలంటుంది. గో అసలే లేని మెషీన్‌లో అంతా సోర్సు నుంచే తయారు చేసుకోవాలంటే, సి కంపైలర్‌తో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కాల్సిందే. విసుగే మరి!

రాజమండ్రిలోనో అమలాపురంలోనో కాలేజీ ల్యాబులో మీకు ఇంత చిక్కు రాకపోవచ్చు. చిన్నది మాత్రం తగలొచ్చు. ఇంట్లో జావా 17తో కంపైల్ చేసిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, జావా 8 ఉన్న సిస్టమ్‌లో నడపబోతే, ‘ఈ ఫైలు వెర్షన్ 61.0, నాకు 52.0 వరకే తెలుసు’ అన్న అర్థంతో ఇంగ్లీషులో ఎర్రర్ వస్తుంది. కంగారుపడి కోడు దిద్దకండి, తప్పు అందులో లేదు. ఆ అంకెల్లోంచి 44 తీసేయండి: 17, 8. జబ్బు దొరికింది! ఇంట్లోనే కంపైలర్‌కు ‘రిలీజ్ 8’ అని చెప్పి మళ్లీ కంపైల్ చేస్తే సరి. జావా 8 తర్వాత వచ్చిన సదుపాయాలేవైనా వాడి ఉంటే, కంపైలర్ ఇంటి దగ్గరే పట్టేస్తుంది.