హెడ్ ట్రాకర్ ఆగిపోయిందా? కొత్త సెట్ కొనేముందు క్లిప్ వైరు చూసుకోండి

కంప్యూటర్‌లో విమానం నడిపే గేముల షౌక్ ఉన్నవాళ్లకు హెడ్ ట్రాకర్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఎక్స్-ప్లేన్, డీసీఎస్ వరల్డ్ లాంటి గేముల్లో కాక్‌పిట్ నుంచి పక్కకు చూడాలంటే మౌస్ కదపాలి, లేదా జాయ్‌స్టిక్ మీద చిన్న బటన్ తిప్పాలి. హెడ్ ట్రాకర్ ఉంటే తల కొంచెం తిప్పితే చాలు. తల పది, పదిహేను డిగ్రీలు తిరిగితే తెర మీద చూపు పూర్తిగా పక్క అద్దం దాకా వెళ్తుంది. రన్‌వేను ఓరకంట చూస్తూ విమానాన్ని మలుపు తిప్పడం దీనితోనే సులువవుతుంది.

ఒకసారి అలవాటైతే అది లేకుండా ఆడబుద్ధి కాదు. అందుకే అది ఆగిపోగానే చాలామంది సెట్ మొత్తం పోయిందని అనుకుంటారు. డబ్బు అనవసరంగా పోయేది ఇక్కడే. ఈ సెట్‌లో ఖరీదైనది కెమెరా, అది తొందరగా చెడిపోదు. ఎక్కువగా చెడిపోయేది తల మీద పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ క్లిప్, దాని వైరు.

ఈ రంగంలో బాగా తెలిసిన పేరు ట్రాక్‌ఐఆర్. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, కోర్వాలిస్‌లో ఉన్న నేచురల్‌పాయింట్ అనే కంపెనీ దీన్ని తయారు చేస్తుంది. ట్రాక్‌ఐఆర్ 5 మోడల్ 2009లో వచ్చింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే అమ్ముతూ వచ్చారు. మానిటర్ పైన కూర్చునే దాని కెమెరా సెకనుకు 120 చిత్రాలు తీస్తుంది. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు, అరిగిపోవడానికి ఏమీ లేదు. హెడ్‌ఫోన్‌కు తగిలించే క్లిప్‌లో మూడు ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు ఉంటాయి. వాటి వెలుగు కంటికి కనిపించదు, కెమెరాకు మూడు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ చుక్కల మధ్య దూరం ఎలా మారుతోందో చూసి తల ఎటు తిరిగిందో, ముందుకు వంగిందో, పక్కకు జరిగిందో సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది.

ఇప్పుడు ఆ క్లిప్ పరిస్థితి చూడండి. రోజూ హెడ్‌ఫోన్‌తో పాటు తల మీదికెక్కి దిగుతుంది. బెల్ మోగిందని లేచేటప్పుడు వైరు లాగేస్తుంది. కుర్చీ చక్రం వైరు మీదుగా పోతుంది. హెడ్‌ఫోన్ టేబుల్ మీద నుంచి జారితే ముందు నేలకు తగిలేది పొడుచుకొచ్చిన ఆ సన్నని ప్లాస్టిక్ కొమ్మలే. ఇన్ని దెబ్బలు తిన్నాక విరగకపోతేనే వింత.

అసలు పోయిందేంటో తెలుసుకోవడానికి దుకాణానికి వెళ్లక్కర్లేదు. మొబైల్ కెమెరా చాలు. క్లిప్‌ను యూఎస్‌బీకి పెట్టి ఫోన్ కెమెరాలో చూస్తే ఎల్ఈడీలు లేత ఊదా రంగులో వెలుగుతూ కనిపిస్తాయి. చాలా ఫోన్లలో వెనక కెమెరా ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది కాబట్టి సెల్ఫీ కెమెరాతో చూడటం మంచిది. ముందు టీవీ రిమోట్ నొక్కి, దాని వెలుగు ఆ కెమెరాలో కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. రిమోట్ కనిపించి క్లిప్ కనిపించకపోతే తప్పు క్లిప్‌దే, కెమెరాది కాదు.

మూడూ ఒకేసారి ఆరిపోయాయంటే మూడు ఎల్ఈడీలూ కాలిపోయాయని భయపడక్కర్లేదు. మామూలుగా వీటిని ఒకదాని వెనక ఒకటిగా, పాత పెళ్లిపందిరి సీరియల్ బల్బుల్లా కలుపుతారు. ఎక్కడ ఒక్క చోట తెగినా అన్నీ ఆరిపోతాయి. ఎక్కువసార్లు తెగేది రెండు చోట్లే: వైరు క్లిప్‌లోకి దూరే దగ్గర, యూఎస్‌బీ ప్లగ్ మొదట్లో. అక్కడ వేలితో మెల్లగా వంచితే ఎల్ఈడీలు వెలిగి ఆరుతుంటే జబ్బు దొరికినట్టే.

మరో సంగతి. ఈ క్లిప్ యూఎస్‌బీ నుంచి కరెంటు మాత్రమే తీసుకుంటుంది, కంప్యూటర్‌కు సమాచారం ఏమీ పంపదు. అంటే లోపల పనిచేసేవి రెండే వైర్లు. పాత చార్జింగ్ కేబుల్‌లోని ఎరుపు, నలుపు వైర్లతో ఆ పని అయిపోతుంది. మొబైల్ రిపేరు చేసేవాళ్లెవరైనా టంకం పెట్టగలరు. అతుకు వేశాక దాన్ని నేరుగా కంప్యూటర్‌కు పెట్టకుండా ముందు చవక చార్జర్‌కు పెట్టి చూడాలి. ఎక్కడైనా షార్ట్ ఉంటే చార్జర్ పోతుంది, మదర్‌బోర్డు పోర్ట్ మిగులుతుంది.

లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. కెమెరాతో కలిపి సెట్ ధర 150 డాలర్ల పైమాటే. దాని మీద షిప్పింగ్, కస్టమ్స్. క్లిప్ ఒక్కటే తెప్పించుకున్నా దాదాపు 40 డాలర్లు. ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ మాత్రం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొద్ది రూపాయలకే దొరికే సరుకు.

అయితే ఏ ఎల్ఈడీ పడితే అది పనికిరాదు. టీవీ రిమోట్లలో ఎక్కువగా వాడేవి 940 నానోమీటర్లవి, ట్రాకర్ కెమెరాల్లో అవి మసకగా కనిపించవచ్చు. 850 నుంచి 880 మధ్యవి అడగాలి. వెలుగు వెడల్పుగా పరుచుకునే రకమైతే మేలు, సన్నగా పడేదైతే తల కాస్త తిప్పగానే చుక్క మాయమవుతుంది. అలాంటివే దొరికితే ఎల్ఈడీ పైనున్న గుండ్రటి మూతిని ఆకురాయితో చదునుగా రుద్దేస్తారు, వెలుగు పక్కలకు పరుచుకుంటుంది. రెసిస్టర్ లెక్క కూడా కష్టం కాదు. ఒక్కో ఎల్ఈడీ 1.4 వోల్టులు తీసుకుంటే మూడింటికి 4.2. యూఎస్‌బీ ఇచ్చేది 5. మిగిలిన 0.8 వోల్టును 50 మిల్లీఆంపుల దగ్గర ఆపాలంటే 16 ఓమ్‌లు కావాలి. దుకాణంలో 15 లేదా 18 దొరుకుతుంది, 18 తీసుకుంటే ఎల్ఈడీకి మన్నిక.

కొమ్మ విరిగితే మాత్రం తొందరపడి ఫెవిక్విక్ వేయకూడదు. మూడు చుక్కల మధ్య దూరాలు ఇంతింత అని సాఫ్ట్‌వేర్‌కు ముందే తెలుసు. రెండు మిల్లీమీటర్లు వంకరగా అతికినా, తల తిన్నగా పెట్టినప్పుడు కూడా తెర మీద చూపు ఒరిగినట్టు కనిపించవచ్చు. ఉచితంగా దొరికే ఓపెన్‌ట్రాక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ కొలతలు మిల్లీమీటర్లలో మనమే ఇచ్చుకోవచ్చు. అందుకే ఇంట్లో క్లిప్ చేసుకునేవాళ్లు దాన్నే వాడతారు. 2007లో వచ్చిన సోనీ పీఎస్3 ఐ కెమెరాలో లోపలి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ తీసేసి, మామూలు వెలుగు ఆగడానికి పాత ఫ్లాపీ డిస్క్ ముక్క అడ్డం పెట్టి నడిపిన వాళ్లూ ఉన్నారు. జుగాడ్ అంటే ఇదీ.

వైరు లేని క్లిప్ కూడా ఒకటుంది, టోపీ అంచుకు తగిలించేది. దానికి ఎల్ఈడీలు ఉండవు. కెమెరా పంపిన వెలుగునే తిప్పి పంపే మెరుపు టేపు ముక్కలు ఉంటాయి. దీన్ని ఫోన్‌లో చూస్తే ఏమీ వెలగదు, అది పోయినట్టు కాదు. చెమట, జిడ్డు పట్టి టేపు మసకబారితే పొడి మెత్తని గుడ్డతో తుడవాలి. స్పిరిట్ పెట్టి రుద్దితే మెరిసే పొర లేచిపోవచ్చు. మరీ పాడైతే రాత్రిపూట మెరిసే సేఫ్టీ జాకెట్ల టేపు అదే కొలతకు కత్తిరించి అతికించుకోవచ్చు.

కొన్నిసార్లు ఏదీ చెడిపోదు, అయినా చూపు గిరగిరా తిరుగుతుంది. సాఫ్ట్‌వేర్ తెరలో మూడు బదులు నాలుగైదు చుక్కలు కనిపిస్తాయి. కారణం కుర్చీ వెనక కిటికీ. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ పుష్కలం, పాత ఫిలమెంట్ బల్బుల్లోనూ అంతే. పగలు పనిచేయక రాత్రి బాగా పనిచేస్తోందంటే రిపేరు చేయాల్సింది ట్రాకర్‌ను కాదు, వేయాల్సింది కర్టెన్.

రిపేరు చేశాక మళ్లీ అదే చోట తెగకుండా ఉండాలంటే క్లిప్ వైరును హెడ్‌ఫోన్ వైరుతో కలిపి కట్టేయాలి. క్లిప్ దగ్గర చిన్న చుట్టు వదిలి ఆ చుట్టును హెడ్‌ఫోన్ పట్టీకి బిగిస్తే, లాగుడు పట్టీ మీద పడుతుంది, టంకం మీద పడదు.

స్వీడన్ కంపెనీ టోబీ తెచ్చిన ఐ ట్రాకర్ 5 లాంటి వాటిలో తల మీద పెట్టుకునేదేమీ లేదు, కాబట్టి విరిగేదీ లేదు. కానీ పోతే ఇంట్లో విప్పి బాగుచేసే వస్తువు కాదది. క్లిప్ రిపేరులో ఉన్న రోజుల్లో ఆట ఆగకూడదనుకుంటే ఓపెన్‌ట్రాక్‌లోనే న్యూరల్‌నెట్ ట్రాకర్ అనే ఆప్షన్ ఉంది. మామూలు వెబ్‌క్యామ్‌తో ముఖాన్ని చూసి తల కదలికను పట్టుకుంటుంది. ముఖం మీద సరిపడా వెలుతురు ఉండాలి, కొంచెం ఆలస్యం తెలుస్తుంది, ప్రాసెసర్ మీద భారం పడుతుంది. ప్రయాణికుల విమానం దింపడానికి సరిపోతుంది గానీ, డీసీఎస్‌లో శత్రు విమానం వెంట పడేవాళ్లకు కాస్త ఓపిక కావాలి.