పెద్దలకు కుర్చీ ఒక్కటే చాలదు

గోదావరి జిల్లాల్లో ఏ పల్లె సంఘానికి వెళ్లినా, ఆదివారం ఆరాధనలో చాపల పక్కన నాలుగు కుర్చీలు కనిపిస్తాయి. అవి పెద్దవారికి. వందనాలు చెప్పి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఆరాధన ముగియగానే జాగ్రత్తగా ఇంటికి పంపుతాం. పిల్లలు హైదరాబాదులోనో గల్ఫులోనో అమెరికాలోనో ఉంటే, మళ్లీ ఆదివారం దాకా వారితో తీరిగ్గా మాట్లాడే మనిషే ఉండకపోవచ్చు. గౌరవించామనుకుంటున్నాం. పక్కన పెట్టేశామేమో!

వృద్ధాప్యం చక్కగా సాగాలంటే ఏం కావాలన్న ప్రశ్నపై శాస్త్రవేత్తలు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. వయసు మీరేకొద్దీ మనిషి, సమాజం ఒకరినొకరు మెల్లగా వదులుకోవడం సహజమేనని ఎలైన్ కమ్మింగ్, విలియం హెన్రీ 1961లో రాశారు. కాదు, పనుల్లో, స్నేహాల్లో మునిగి ఉన్నవారే తృప్తిగా ఉంటారన్నారు రాబర్ట్ హావిగ్‌హర్‌స్ట్. ఎప్పటినుంచో ఉన్న అలవాట్లు, అనుబంధాలు కొనసాగడమే ముఖ్యమని 1989లో రాబర్ట్ ఆచ్లీ వివరించారు. శక్తి తగ్గినప్పుడు ముఖ్యమైన కొన్నింటినే ఎంచుకుని, చేసే పద్ధతి మార్చుకోవాలని ఆ మరుసటి ఏడాది పాల్ బాల్టెస్, మార్‌గ్రెట్ బాల్టెస్ దంపతులు చెప్పారు.

బైబిల్లో ఇలాంటి వృద్ధులు ఎందరో! 85 ఏళ్ల కాలేబు కొండసీమను అడిగి మరీ తీసుకున్నాడు. 80 ఏళ్ల బర్జిల్లయి మాత్రం దావీదు రాజు తనతో యెరూషలేముకు రమ్మన్నా వినయంగా కాదని, తన బదులు కింహామును పంపాడు. ఒకరు బాధ్యత అందుకున్నారు, ఒకరు అప్పగించారు. ఇద్దరి విషయంలోనూ నిర్ణయం వారిదే. వారి తరఫున ఇంకెవరో తీర్మానం చేయలేదు.

మన డెల్టాకు దగ్గరి ఉదాహరణ సర్ ఆర్థర్ కాటన్. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేనాటికి ఆయనకు 49 ఏళ్లు. ఊరూరా ఆయన విగ్రహాలకు దండలు వేస్తాం గానీ, ఆ తర్వాత ఆయన మరో 47 ఏళ్లు ఎలా బతికారో మనలో చాలామందికి తెలియదు. ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండు చేరిన కాటన్ 1876లో, 70 దాటిన వయసులో, అరబ్బీ నేర్చుకునేవారి కోసం చిన్న వాచకం ప్రచురించారు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు హాజరై, కరవులతో అల్లాడుతున్న భారతదేశానికి కాలువలు కావాలని వాదించారు. చివరి ఏళ్లలో డార్కింగ్‌లో నేలను లోతుగా తవ్వి, పంట ఎంత పెరుగుతుందో పరీక్షిస్తూ గడిపారు. 1899లో 96వ ఏట కన్నుమూశారు. మహానదికి అడ్డుకట్ట వేసిన మనిషికి చివరికి చిన్న మడి మిగిలింది. అందులోనూ ఆయన వెదికింది తిండిగింజల సమృద్ధినే.

అయితే అందరికీ కాటన్ దొరకున్న ఆరోగ్యం, చదువు, ఆదాయం ఉండవు. వరినాట్లు వేసి వేసి నడుము వంగిపోయిన తల్లులు, కొబ్బరిచెట్లెక్కి మోకాళ్లు అరిగిన తండ్రులు మన సంఘాల్లో ఉన్నారు. మంచం దిగలేనివారూ ఉన్నారు. పనిచేయగలిగితేనే విలువ అని వారికి అనిపిస్తే తప్పు మనదే. బతికిన బతుకును వెనుదిరిగి చూసుకుని, దానితో సమాధానపడటమే ముసలితనంలో మనిషి ముందున్న పెద్ద పని అని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ అన్నారు. ఆ పనికి వినేవాడొకడు కావాలి.

ఈ ఆదివారం వందనాలతో ఆగిపోకుండా, ‘మామ్మగారూ, మీకేం చేయాలనుంది?’ అని అడుగుదాం. ఒకరు సండే స్కూలు పిల్లలకు కథ చెబుతామంటారు. ఒకరు రోగుల పేర్లు రాసిమ్మంటారు, ప్రార్థించడానికి. ఇక చాలు బాబూ, కాసేపు నా దగ్గర కూర్చో అనేవారూ ఉంటారు. ఏది చెప్పినా విందాం.

దేవాలయానికి తెచ్చిన పసిబాలుణ్ని ఆ రోజు గుర్తుపట్టినవారు సుమెయోను, అన్న. ఇద్దరూ వయసు మళ్లినవారే. మన మందిరాల్లోనూ అలాంటి కళ్లున్నాయి. అవి ఏం చూశాయో అడిగి తెలుసుకుందాం.