విత్తుకు ముందే నీటి లెక్క

తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో పంటను నిర్ణయించేది వాన ఎంత పడిందన్న దానికంటే ఎప్పుడు పడింది, రెండు వానల మధ్య ఎన్ని వారాల ఎడం వచ్చింది అన్నదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఉమ్మడి అనంతపురం జిల్లాలో, సగటుకు లోటు లేని ఏడు కూడా వేరుశనగ ఎండిపోవడానికి కారణం ఇదే. ఈ నిలకడలేనితనాన్ని ఒంటరి రైతు తట్టుకోవడం కష్టం కనుక, నీటిని ఉమ్మడిగా పంచుకునే కట్టుబాట్లు ఈ నేలలో చాలాకాలంగా ఉన్నాయి.

వాటిలో గమనించదగినది తెలంగాణ చెరువుల కింద పాటించిన దామాషా పద్ధతి. చెరువు నిండని ఏడు ఆయకట్టు రైతులు, అంటే ఆ చెరువు నీటితో సాగయ్యే భూమి గలవారు, నారు పోయకముందే కూర్చుని, నిలిచిన నీరు ఎన్ని ఎకరాలకు సరిపోతుందో అంచనా వేసేవారు; సగానికే సరిపోతుందని తేలితే తూముకు దగ్గరి భూమిని మాత్రమే సాగుకు తీసుకుని, దానిని ఆ పంటకాలానికి అందరికీ వారి వారి భూమి నిష్పత్తిలో పంచేవారు. అందువల్ల చివరి మడి రైతు తన పొలాన్ని బీడు పెట్టి, తూము దగ్గర వేరొకరి మడిలో నాటు వేసేవాడు. సాగు తూము దగ్గరే జరగడంతో కాలువలో ఇంకిపోయే నీరు తగ్గేది. తనకూ వాటా ఉంది కనుక చివరి రైతుకు రాత్రిపూట కాలువకు గండి కొట్టే అవసరం ఉండేది కాదు. అయితే దీనిని సమానత్వానికి నమూనాగా కీర్తించడం తొందరపాటే అవుతుంది. వాటా భూమిని బట్టి వచ్చేది కనుక భూమి లేనివారికి అందులో చోటు లేదు. తూము తెరిచి, మడిమడికీ నీరు మళ్లించే నీరటికి కళ్లం దగ్గర కొలిచిచ్చే ధాన్యం మేరే ప్రతిఫలంగా దక్కేది.

బోరుబావులు వచ్చాక ఈ లెక్క చెదిరింది. చెరువు నీరు అందరి కంటికీ కనిపిస్తుంది, బండ పగుళ్లలోని నీరు ఎవరికీ కనిపించదు. పైగా భూమి ఎవరిదో దాని కింది నీరూ వారిదే అన్న భావన చట్టంలోనూ, ఊరి వ్యవహారంలోనూ స్థిరపడి ఉంది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం కొత్త బోరుకు అనుమతిని, తాగునీటి బావికి 250 మీటర్ల దూరాన్ని తప్పనిసరి చేసినా, 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అందుతున్నప్పుడు కాగితం మీది నిబంధన మోటారును ఆపగలదని అనుకోవడం అమాయకత్వమే.

2003 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన భూగర్భజల ప్రాజెక్టు వేరే దారి పట్టింది. అందులో నిషేధాలు గానీ జరిమానాలు గానీ లేవు. రైతులే ఊళ్లో వర్షమాపకం పెట్టి, బావుల్లో నీటిమట్టాన్ని టేపుతో కొలిచి, డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి బోరు పోసే నీటిని లెక్కగట్టి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్‌ను, అంటే ఉన్న నీటికీ వేయదలచిన పంటల అవసరానికీ మధ్య జమాఖర్చును, అందరి ముందూ ఉంచేవారు.

ఆ లెక్క ఎంత కఠినమైనదో ఒక ఊహాచిత్రం చెబుతుంది. ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. 1,000 ఎకరాల ఊరిలో 500 మిల్లీమీటర్లు కురిస్తే 200 కోట్ల లీటర్లు. రాతినేలలో అందులో పదో వంతు ఇంకిందనుకున్నా భూమిలో చేరేది 20 కోట్ల లీటర్లే. ఎకరా వరికి దాదాపు 50 లక్షల లీటర్లు కావాలి కనుక ఆ నీటితో పండేది 40 ఎకరాలు; అదే నీరు సుమారు 100 ఎకరాల వేరుశనగకు సరిపోతుంది. తన బోరు ఒక్కటే చూసుకునే రైతుకు ఈ అంకె ఎప్పటికీ తట్టదు. చాలా ఊళ్లలో రైతులు వరి తగ్గించి ఆరుతడి పంటలకు, అంటే మడిలో నీరు నిలపకుండా విడతలుగా తడిపే పంటలకు, మళ్లారు. కానీ కొలతలు తీసే కమిటీలకు బయటి అండ తొలగితే పని నిలవడం కష్టమన్నది ఇలాంటి ప్రాజెక్టులన్నిటికీ ఉన్న చిక్కే.

ఉమ్మడి అనంతపురం జిల్లా నల్లమాడ మండలంలోని గోరంట్లవారిపల్లి వంటి గ్రామాల్లో మరో ఏర్పాటు కనిపిస్తుంది. అక్కడ వేర్వేరు రైతుల బోర్లను పైపులైన్లతో కలిపి, బోరు లేని పొరుగువారి వర్షాధార చేలకూ నీరు అందిస్తారు. బదులుగా కొత్త బోరు వేయకూడదన్నది అందరి ఒప్పందం. పొరుగున మరో బోరు పడితే తన బోరు ఎండిపోతుందన్న భయం బోరున్న రైతుకు తగ్గుతుంది. అప్పు చేసి బోరు వేసి, అది విఫలమైతే కుంగిపోవలసిన ముప్పు బోరు లేని రైతుకు తప్పుతుంది. ఇందులో పారే నీరు పూర్తి పంటకు కాదు, వాన ముఖం చాటేసినప్పుడు పైరును బతికించే రక్షక తడికి మాత్రమే. వేరుశనగలో ఊడలు దిగే దశలో అందే అలాంటి ఒకటి రెండు తడులతోనే కాయ నిలుస్తుంది.