స్కూబాకి ఏ చిన్న దీవి? బొనేరా, లిటిల్ కేమనా?

కరీబియన్‌లో డైవింగ్ రిసార్ట్ వెతికేటప్పుడు చాలామంది ముందు రూమ్ ఫొటోలు చూస్తారు. నేనైతే ముందు దీవిని చూడమంటాను.

బొనేర్ తీసుకుందాం. ఇక్కడ చాలాచోట్ల బోటు అక్కర్లేదు. రోడ్డు పక్కన పసుపు రాళ్ల మీద డైవ్ స్పాట్ పేరుంటుంది. బండి ఆపి, ట్యాంకు తగిలించుకుని ఒడ్డు నుంచే దిగొచ్చు. మెరైన్ పార్కు 1979 నుంచే ఉంది. పైగా ఈ దీవి హరికేన్లు ఎక్కువగా తిరిగే దారికి దక్షిణాన ఉంటుంది. కాబట్టి జూన్–నవంబర్ మధ్య వెళ్లినా రిస్క్ తక్కువ.

లిటిల్ కేమన్ వేరు. అక్కడ ఎక్కువగా బోటులోనే వెళ్లాలి. బ్లడీ బే వాల్ దాదాపు 20 అడుగుల లోతులోనే మొదలై, వెయ్యి అడుగులకు పైగా నిట్టనిలువుగా దిగిపోతుంది. అద్భుతమే, కానీ కింద నేల కనపడదు కదా, తెలియకుండానే లోతుకి జారిపోతాం. కొత్తవాళ్లు గేజ్ మీద ఓ కన్నేసి ఉంచాలి.

ఇక అసలు విషయం. వరసగా కొన్ని రోజులు డైవ్ చేస్తే, ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైన ప్రెషర్ తగ్గగానే బుడగలు కట్టొచ్చు, అది ప్రాణం మీదకి తెస్తుంది. అందుకే చివరి రోజు ఖాళీగా ఉంచండి. బుక్ చేసే ముందు రిసార్ట్ వాళ్లని ఒక్కటి అడగండి: "దగ్గర్లో రీకంప్రెషన్ ఛాంబర్ ఎక్కడుంది?" జవాబు సూటిగా రాకపోతే, ఇంకో రిసార్ట్ చూసుకోండి.