గొల్లభామ పిల్ల పురుగు: పంటచేలలో గుర్తింపు విధానం

కామారెడ్డి జిల్లాలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో వరి, మొక్కజొన్న, సోయాచిక్కుడు ప్రధాన పంటలు. ఈ చేలలో పురుగులను లెక్కించేటప్పుడు రెక్కలు లేని గొల్లభామ పిల్లలను మిడత పిల్లలుగా నమోదు చేస్తే, హానికర పురుగుల సంఖ్య వాస్తవం కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దాని ఆధారంగా అనవసరపు పిచికారీ జరిగితే మిత్ర కీటకాలు నశిస్తాయి. కొన్నిచోట్ల మిడతను కూడా గొల్లభామ అని పిలుస్తారు. కావున పేరును బట్టి కాక, లక్షణాలను బట్టి నిర్ధారించుకోవాలి.

గొల్లభామ జీవితంలో గుడ్డు, పిల్ల పురుగు, ప్రౌఢ కీటకం అనే మూడు దశలు ఉంటాయి. కోశస్థ దశ ఉండదు. నురుగు గట్టిపడినట్లుండే గుడ్ల సంచి నుండి వెలువడిన పిల్ల, రెక్కలు మినహా ప్రౌఢ కీటకాన్నే పోలి ఉంటుంది. చివరి దశలలో వీపుపై రెక్కల మొగ్గలు ఏర్పడతాయి.

గుర్తింపునకు మూడు లక్షణాలు ముఖ్యం. తల త్రికోణాకారంగా ఉండి ఇరువైపులా తిరుగుతుంది. తల వెనుక రొమ్ము మొదటి ఖండం సాధారణంగా పొడవుగా ఉంటుంది. ముళ్లు గల ముందుకాళ్లు చాకు వలె మడుచుకుంటాయి. మిడతకు ఇటువంటి ముందుకాళ్లు ఉండవు. దూకడానికి అనువైన లావుపాటి వెనుక తొడలు ఉంటాయి.

ముందుకాళ్లు ఇదే రీతిలో ఉన్న మరి రెండు కీటకాలను వేరు చేయవలసి ఉంటుంది. వరి మడి నీటిలో కనిపించే రానాట్రాకు సూది వంటి నోరు, ఉదరం చివర పొడవైన శ్వాసనాళం ఉంటాయి. మాంటిస్పిడ్ కీటకానికి నాలుగు పారదర్శకమైన రెక్కలు ఉంటాయి. రెక్కలు లేని పురుగు అది కాజాలదు.

జాతి నిర్ధారణ మాత్రం పిల్ల దశలో సాధారణంగా సాధ్యపడదు. రంగు పరిసరాలను బట్టి, కుబుసం విడిచిన కొద్దీ మారవచ్చు. కాళ్లపై ఆకు వంటి తమ్మెలు గల గాంజిలస్ గాంజిలోడిస్ వంటివి కొన్ని మాత్రమే దీనికి మినహాయింపు. మాంటిస్ రెలిజియోసా, హైరోడ్యులా వంటి వాటికి ప్రౌఢ కీటకపు రెక్కలు, ముందుకాళ్ల లోపలి మచ్చలు, మగ జననాంగాలు పరిశీలించాలి.

అందుకు పిల్లను వల కప్పిన సీసాలో ఒంటరిగా పెంచాలి. కలిపి ఉంచితే ఒకదానినొకటి తింటాయి. తలక్రిందులుగా వేలాడి కుబుసం విడవడానికి పుల్లను అమర్చాలి. పేనుబంక, పచ్చదోమ వంటి చిన్న పురుగులను ఆహారంగా ఇచ్చి, నీటి తుంపరలు చల్లాలి. సేకరించిన తేదీ, గ్రామం, పంట వ్రాసి ఉంచాలి.

ప్రౌఢ దశ వచ్చే వరకు ‘గొల్లభామ, పిల్ల దశ’ అని నమోదు చేయడమే శాస్త్రీయం. ఇది తేనెటీగలతో సహా చిక్కిన పురుగునెల్లా తింటుంది. కనుక ఇది కనబడినంత మాత్రాన ఒక నిర్దిష్ట పురుగు అదుపులో ఉన్నదని రైతుకు చెప్పరాదు.