బిడ్డకు ఆసరా అంటే ఇంటికి ఆసరా

రాజంపేట చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ పోవడం ఏళ్ల నుంచీ ఉన్నదే. వానలు మొహం చాటేసి, అప్పులు మీదపడితే విమానం ఎక్కక తప్పదు. బిడ్డలు అవ్వల దగ్గర పెరుగుతారు. అవ్వ మంచాన పడినా, పిల్లవాడు బడి ఎగ్గొట్టినా ఇరుగుపొరుగు చెప్పే సలహా ఒకటే: ‘హాస్టల్లో వేసేయండి.’

చట్టం ఆలోచన వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లో 16 మూలసూత్రాలున్నాయి. బిడ్డ ఆలనాపాలనా మొదట కుటుంబం బాధ్యత అంటుంది ఒకటి. విచారించి, వేరే దారి లేదని తేలాకే బిడ్డను సంరక్షణ గృహానికి పంపాలంటుంది ఇంకొకటి. పిల్లల మాట వినాలన్నదీ అందులోనే ఉంది. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి వేరుచేయరాదని 2009లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలూ చెప్పాయి.

ఈ సూత్రాలకు డబ్బు తోడైతేనే ఇల్లు నిలబడుతుంది. కేంద్ర ప్రభుత్వ పథకం ‘మిషన్ వాత్సల్య’ కింద స్పాన్సర్‌షిప్ పేరుతో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. తల్లి వితంతువైనా, భర్త వదిలేసినా, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బు పాలైనా, అనాథ బిడ్డ బంధువుల ఇంట్లో పెరుగుతున్నా అర్హత ఉంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72 వేలు, పట్టణాల్లో 96 వేలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. తల్లి గల్ఫ్‌లో ఉండటం మాత్రం ఈ జాబితాలో లేదు. అవ్వ మీదే భారమంతా పడిన ఇళ్లు చాలావరకు ఈ సందులోంచే జారిపోతాయి.

అలాగని ప్రతి ఇల్లూ క్షేమమైనది కాదు. కొట్టి హింసిస్తున్నా, చిన్న వయసులో పెళ్లి చేయబోతున్నా, పనికి పంపుతున్నా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. ఆదుకోవాల్సిన బిడ్డను కాపాడినవారు 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాలి. అక్కడా విచారణ జరిగాకే నిర్ణయం. అమ్మ కువైట్‌లో ఉన్నా ఫోన్‌కు అందుతుంది కదా! ఆమెను అడగకుండా బిడ్డ సంగతి తేల్చేయడం తగదు.

పంచాయతీ స్థాయిలోనూ బాలల సంరక్షణ కమిటీలు ఉండాలని మిషన్ వాత్సల్య పథకమే చెబుతోంది. ఏ ఇంట్లో అవ్వ ఒక్కతే పిల్లల్ని సాకుతోందో అంగన్‌వాడీ టీచరుకు, బడి అయ్యవారికి ముందే తెలుసు. ఆ సంగతి కమిటీ చెవిన పడితే రేషన్, పింఛన్, వైద్యం లాంటివి సమయానికి అందుతాయి. కాలు కదలని ముసలామె అర్జీ పట్టుకుని జిల్లా కేంద్రం చుట్టూ తిరిగితేగానీ అందని సాయం కుటుంబానికి అండ అనిపించుకోదు.